పైడమ్మ హోటల్ పైకప్పు

ఆగస్టులో భీమిలి చూడడానికి ఎవరూ వెళ్లరు. వాన ఎప్పుడొస్తుందో తెలియదు. ఒడ్డున కంకులు కాల్చే బళ్ల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పి ఉంటాయి. రాయమల్లు, అతని భార్య సారలమ్మ వెళ్లింది ఆగస్టులోనే. 2010, పన్నెండో తేదీ, గురువారం. బొగ్గు కంపెనీలో యాత్ర సెలవు అప్పుడే దొరికింది. అంతకు ముందు మూడుసార్లు ఆ సెలవును రాయమల్లు వాడుకోలేదు. ఈసారి సారలమ్మ పట్టుబట్టింది. పెళ్లయి ఇరవై ఐదేళ్లు, ఆమె సముద్రం చూడలేదు.

రామగుండంలో రైలెక్కి, వరంగల్‌లో మారి, విశాఖపట్నంలో దిగారు. రెండు రోజులు లాడ్జిలో ఉన్నారు. మూడో రోజు పొద్దున బస్సులో భీమిలి వెళ్లారు. మర్నాడు సాయంత్రం తిరుగు రైలు. సోమవారం, పదహారో తేదీ, రాయమల్లు మొదటి షిఫ్టుకు బాయిలోకి, అంటే బొగ్గు గనిలోకి, దిగాలి.

రాయమల్లు గోదావరిఖనిలో టింబర్‌మ్యాన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఫిబ్రవరిలో ఒకరోజు అతనూ, అతని జోడీ లింగమూర్తీ పని ముగించి వస్తుండగా వాళ్ల మధ్య పైకప్పు కూలింది. లింగమూర్తి కాలు విరిగింది. రాయమల్లుకు దెబ్బ తగల్లేదు. రాళ్లకు అవతల రెండు గంటలు చీకట్లో ఉన్నాడు, అంతే. ఆ తర్వాత డాక్టర్లు ఆరు నెలల పాటు బాయి బయట, నేల మీద డ్యూటీ రాశారు. టింబర్ యార్డులో దుంగలు ఎక్కించే పని.

అప్పటి నుంచి నెత్తి మీద రాయో స్లాబో ఉంటే అతను కూర్చోలేడు. రైల్లో, బస్సులో, రేకుల కింద ఏమీ అనిపించదు. స్లాబు కింద అయితే పది నిమిషాలకు చెమటతో చొక్కా తడుస్తుంది. క్వార్టర్ బయట మంచం వేసుకుంటున్నాడు. లాడ్జిలో రెండు రాత్రులూ మేడ మీది రేకుల షెడ్డులో పడుకున్నాడు. గుమాస్తా అడిగితే సారలమ్మ, "మా ఆయినకు గాలి కావాలె" అంది.

జులైలో ఒకసారి, ఎవరికీ చెప్పకుండా, దిగి చూద్దామని షిఫ్టు వాళ్ల వెంట బాయిలోకి నడిచాడు. తొంభై అడుగులు వెళ్లి తిరిగొచ్చాడు. కడుపులో బాగాలేదని, దీపాలు ఇచ్చి పుచ్చుకునే ల్యాంపు రూములో చెప్పాడు. ఆ సంగతి సాయంత్రానికి ల్యాంపు రూము వాళ్ల ద్వారా సారలమ్మకు చేరింది. సారలమ్మ భర్తను అడగలేదు. అతను చెప్పలేదు.

భీమిలి బస్టాండులో అచ్యుతరావు ఎదురొచ్చాడు. అతనిది భీమిలే. గోదావరిఖనిలో ఇరవై రెండేళ్లు ఓవర్‌మ్యాన్‌గా, అంటే సెక్షన్ పెద్దగా, చేసి, నాలుగేళ్ల కింద రిటైరై సొంతూరు చేరాడు. రాయమల్లు పని నేర్చుకుంది అతని సెక్షన్లోనే.

"ఏవమ్మా సారలమ్మా, ఈ వానల్లో పంపించారా మిమ్మల్ని? మంచి సీజను కదా!"

"మంచి సీజన్ల ఆఫీసర్లు పోతరు సార్. వాళ్లు తిరిగొచ్చినంక మా వంతు."

ఒడ్డున ముగ్గురు జాలర్లు వల బాగు చేసుకుంటున్నారు. ఇంకెవరూ లేరు. సారలమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని మోకాళ్ల దాకా నీళ్లలోకి వెళ్లింది. అల వచ్చింది. ఒక చెప్పు జారి పోయింది. దోసిట్లోకి నీళ్లు తీసుకుని నాలుక ఆనించి వెనక్కి తిరిగింది.

"ఉప్పే! నిజంగనే ఉప్పు!"

"ఇన్నొద్దులు అబద్ధమనుకున్నవా?" అన్నాడు రాయమల్లు.

"చెప్పినోళ్లందరు చూడనోళ్లే. ఎట్ల నమ్మాలె?"

జాలర్లలో ఒకతను లేచి, పది గజాల అవతల నీళ్లు వదిలేసిన చెప్పు తెచ్చి ఇచ్చాడు. సారలమ్మ అతని ఊరు, పేరు, పిల్లలు ఎందరో అడిగి తెలుసుకుంది. అతని దగ్గరే ఎండు నెత్తళ్ల చేపలు కూడా కొంది.

అచ్యుతరావు ఇసుకలో కూర్చుంటూ, "చూడమ్మా, రేపు మీ రాష్ట్రం మీకొచ్చేస్తే ఈ సముద్రంలో కాలు పెట్టాలన్నా మమ్మల్ని అడగాలి" అన్నాడు.

"అడుగుతం. మీరు ఫ్యాన్ ఏసుకునేటప్పుడు మమ్ముల అడుగుండ్రి. బొగ్గు మాది గద."

"అమ్మో. మాటకు మాట అప్పచెప్పేస్తుంది, రాయమల్లూ."

"నాకు చెప్తవా సార్," అన్నాడు రాయమల్లు.

అతను వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మబ్బు తప్ప పైన ఏమీ లేదు. గంటన్నర అలాగే ఉన్నాడు. మధ్యలో లేచి అలల్లో తడిసి వచ్చి మళ్లీ పడుకున్నాడు. ఆరు నెలల్లో అతను అంతసేపు కదలకుండా ఉండడం సారలమ్మ చూడలేదు. చూసి సంతోషించింది. సోమవారం గుర్తొచ్చి, ఇక అడగాల్సిందే అనుకుంది.

"సార్, మీరన్న చెప్పుండ్రి ఈయినకు," అంది అచ్యుతరావుతో. "తొంభై అడుగులు పోయి మర్లొచ్చిండంట. నాకు దాస్తున్నడు. ఎందుకు గీ కష్టం? టింబర్ యార్డుల పర్మనెంటుగ ఉంట అని రాసిస్తే కాదంటరా?"

రాయమల్లు లేచి కూర్చున్నాడు. "నీకెవలు చెప్పిన్రు?"

"ల్యాంపు రూముల మాట కాలనీల దాగుతదా?"

అచ్యుతరావు రాయమల్లు వైపు తిరిగాడు. "గ్రేడు తగ్గుతుంది. అంతకు మించి నష్టం లేదు. లోపల భయపడ్డ మనిషిని బలవంతాన దింపడం నేనైతే ఒప్పుకోను. పక్కవాడికి కూడా ప్రమాదం."

"గ్రేడు గురించి కాదు సార్," అన్నాడు రాయమల్లు. "యార్డుల దుంగలు ఎక్కిస్తుంట. వాటిని నిలబెట్టెటోళ్లు నా ముంగట్నించే కిందికి పోతరు. ఇద్దరు నా చేతికింద నేర్చుకున్నోళ్లు. అన్నా, గీ దుంగ మంచిదేనా అని అడుగుతరు. మంచిదే పో అంట. నేను పోను, వాళ్లను పో అంట. ఎట్లుంటది చెప్పుండ్రి."

"దుంగ మంచిదే కద," అంది సారలమ్మ.

"దుంగ మంచిదే."

"మరింకేంది?"

అచ్యుతరావు లేచి ప్యాంటుకంటిన ఇసుక దులుపుకున్నాడు. "పదండి, బూరుగుమెట్ట చూపిస్తాను. మా జీడితోట అక్కడే. ఇప్పుడు తోటలో చూడ్డానికి ఆకులు తప్ప ఏమీ ఉండవనుకోండి."

బూరుగుమెట్ట భీమిలికి తొమ్మిది కిలోమీటర్లు. ఆటో ఊరి మొదట్లోనే ఆగి, వాళ్ల కోసం అక్కడే ఉంది. అక్కడి నుంచి నడక. కొండ వాలు మీద నలభై ఇళ్లు, వాటి వెనక జీడితోటలు. తోటలో అచ్యుతరావు ఒక్కో చెట్టూ ఏ సంవత్సరం నాటాడో చెప్పాడు. ఇద్దరూ విన్నారు. అక్కడి నుంచి సముద్రం గీతలా కనబడింది. సారలమ్మ దాన్నే చూస్తూ, "గా జాలరోళ్లు కనవడ్తలేరు" అంది.

దిగి వస్తుండగా వాన మొదలైంది. దారి పక్కన పైడమ్మ టీ హోటల్ ఉంది. హోటల్ అంటే కొండలోంచి ముందుకు పొడుచుకొచ్చిన బండ కింది చోటు. పది అడుగుల లోతు, పన్నెండు అడుగుల వెడల్పు. రెండు పక్కలా తాటాకు దడి. లోపల పొయ్యి, బెంచీ, వెనకవైపు కట్టేసిన రెండు మేకలు. అచ్యుతరావు, సారలమ్మ పరుగెత్తి వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు.

రాయమల్లు బండ అంచు దగ్గర ఆగిపోయాడు. గొడుగు విప్పుకుని వానలోనే నిలబడ్డాడు.

"లోపలికి రా బాబూ, తడిసిపోతన్నావు," అంది పైడమ్మ. ఆమెకు అరవై దాటి ఉంటాయి.

"ఏం ఫికర్ లేదవ్వా. ఈడనే ఉంట."

"ఏటండీ, ఆయనకి నా హోటల్ నచ్చలేదేటి?"

"గాలి కావాలె ఆయినకు," అంది సారలమ్మ. పైడమ్మ ఇద్దరికీ టీ గ్లాసులు ఇచ్చింది.

వాన పెరిగింది. రాయమల్లుకు వెళ్లడానికి వేరే చోటు లేదు. లోపలికి వెళ్లలేడు. నిలబడి బండను చూస్తున్నాడు. కాసేపటికి గొడుగు ముడిచి, దాని ఇనుప మొనతో అంచు మీద కొట్టాడు. టంగుమంది. అది అతను అనుకుని చేసిన పని కాదు. బాయిలో ఏ చోటికి వెళ్లినా ముందు కర్రతో పైకప్పు కొట్టి వినడం టింబర్‌మ్యాన్ అలవాటు. గట్టి రాయి మోగుతుంది. పైపొర విడిపోయిన రాయి మోగదు. చేయి చాచి అడుగు లోపలికి కొట్టాడు. టంగుమంది. ఇంకా చాచి, బెంచీ మీదుగా కొట్టాడు.

డబ్ మంది.

మళ్లీ కొట్టాడు. డబ్.

"బయటికి రాండ్రి!" అని అరిచాడు. "అందరు బయటికి! జల్ది!"

అచ్యుతరావు గ్లాసు బెంచీ మీద పెట్టి, సారలమ్మ చేయి పట్టుకుని, నాలుగు అంగల్లో వానలోకి వచ్చేశాడు. వచ్చాక అడిగాడు.

"ఎందుకోయ్?"

"రూఫు పాడున్నది సార్. బెంచి మీద."

"ఎందుకో తెలియకుండానే వచ్చేశాను చూడు. నువ్వు అలా అరిస్తే బాయిలో ఆగి అడిగినవాణ్ణి నేను చూళ్లేదు."

ముగ్గురూ తడుస్తున్నారు. పైడమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. గరిటె పట్టుకుని వాళ్లను చూస్తోంది.

"టీ బాగోలేదంటే చెప్పీయొచ్చు కదేటి," అంది.

"అవ్వా, నువ్వు గూడ రా."

"పాలు పొంగిపోతాయి."

"పాలు పోతే పోనీ. నీ నెత్తి మీది రాయి వదులైంది."

"ఏ రాయి? ఇదా? మా మావ పుట్టకముందు నుంచీ ఉంది ఈ రాయి. ఆయన పోయాడు, ఇదుంది."

రాయమల్లు చేయి చాచి అంచు మీద కొట్టాడు. "గిది విను." లోపల కొట్టాడు. "ఇగ గిది విను."

పైడమ్మ వింది. మరోసారి కొట్టమంది. కొట్టాడు.

"గా మూల నీళ్ల చుక్కలు వరసగ పడుతున్నయి. ఎన్నొద్దుల సంది?"

ఆమె తల ఎత్తి చూసింది. బెంచీ పైన రాతిలో ఒకే గీత వెంట నీటిచుక్కలు ఉన్నాయి. "ఈ ఏడే," అంది. "పోయినేడు లేవు." గరిటె పక్కన పెట్టి, పాలగిన్నె చెంగుతో పట్టుకుని బయటికి నడిచింది. నాలుగు అడుగులు వేసి, వెనక్కి వెళ్లి మేకలను విప్పుకుని వచ్చింది. గిన్నెలో వాన పడకుండా సారలమ్మ తన గొడుగు విప్పి పట్టింది.

"మా ఆయన తగరపువలస సంతకి ఎళ్లాడు," అంది పైడమ్మ. "సాయంత్రానికి వస్తాడు."

"అయితే వచ్చాక ఆయనతో చెప్పి పోదాం," అన్నాడు అచ్యుతరావు.

"గప్పటిదాక ఈమె బయట ఉంటదా సార్?"

"ఉండను," అంది పైడమ్మ. "నాకు పనుంది."

హోటల్ పక్కన ఐదారు సరుగుడు దుంగలు పేర్చి ఉన్నాయి. మేకల పాకకని తెచ్చినవి. రాయమల్లు వాటిని చూశాడు. ఒకదాన్ని లేపి, రెండు చివర్లూ చూసి, గోటితో బెరడు గీకాడు. ఇంకో మూడు చూసి ఒకటి పక్కకు నెట్టాడు. పైడమ్మను రంపం అడిగాడు. ఆమె పక్కింటి నుంచి రంపం, గొడ్డలి, పాత పనసచెక్క తెచ్చింది.

"ఎందుకయ్యా?" అంది సారలమ్మ.

"మూడు పెడ్తె ఆగుతది."

"నిన్నెవలు పెట్టమన్నరు? మనం యాత్రకొచ్చినం."

అతను గొడుగును నిలువుగా పెట్టి అంచు దగ్గర ఎత్తు కొలుస్తున్నాడు. ఆమె మాట వినలేదు. వినలేదని ఆమెకు తెలిసింది.

బాయిలో ఈ పనికి ఒక పద్ధతి ఉంది. గట్టి పైకప్పు కింద మొదలుపెట్టి, ఒక్కో దుంగా నిలబెడుతూ, పాడైన చోటికి వెళ్లాలి. లోపల ఒక్కడే ఉండాలి. రెండోవాడు బయట నిలబడి పైకి చూస్తుండాలి. ఆ రెండోవాడు ఇరవై ఏళ్లు లింగమూర్తి.

"వెళ్లు. నేను చూస్తుంటాను," అన్నాడు అచ్యుతరావు. కళ్లద్దాలు తుడుచుకుని అంచు దగ్గర నిలబడ్డాడు. "ఓవర్‌మ్యాన్‌ని నీకు హెల్పర్ని చేశావు."

"నీకు పని రాకుంటె చెప్పు సార్, వేరేటోన్ని చూసుకుంట."

రాయమల్లు దుంగలు కోసి, పక్కకు నెట్టినదాంట్లోంచి ముక్కలు చెక్కుకుని, మొదటి దుంగ అంచు దగ్గర నిలబెట్టాడు. దాని నెత్తి మీద పనసచెక్క పలక పెట్టి, పలకకూ రాతికీ మధ్య వెడ్జి దిగ్గొట్టాడు. వెడ్జి అంటే ఒక వైపు పలచగా చెక్కిన ముక్క. అది దిగుతున్న కొద్దీ దుంగ బిగుస్తుంది. రెండో దుంగ మూడడుగుల లోపల. అక్కడ ఒకసారి చేతులు ఆగాయి. దుంగను రెండు చేతులతో పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. చొక్కా వానకు తడిసే ఉంది కాబట్టి చెమట పట్టిందో లేదో బయటివాళ్లకు తెలియలేదు. సారలమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. అచ్యుతరావు చేయి అడ్డం పెట్టాడు.

"రాయమల్లూ, రూఫు మీద నా కళ్లున్నాయి," అన్నాడు. "కదల్లేదు. నీ పని చూడు."

రాయమల్లు ఊపిరి వదిలాడు. "వెడ్జి ఇయ్యి," అన్నాడు చేయి వెనక్కి చాచి.

సారలమ్మ ఒక ముక్క అందించింది.

"ఇది లావున్నది. సన్నంది ఇయ్యి."

ఇంకోటి అందించింది.

"గిది గూడ లావే. కండ్లు కనవడ్తలేవా? నేను చెక్కి పక్కకు పెట్టిన జూడు, గవ్వి. మూడున్నయి. నిన్ను బాయిల పెడ్తె అందర్ని పూడ్చిపెడ్దువు!"

ఆరు నెలలుగా అతను ఇంట్లో ఎవరినీ ఒక మాట అనలేదు. సారలమ్మ సన్నముక్క వెతికి ఇచ్చింది. తిరిగి ఏమీ అనలేదు. ఆమె అలా ఊరుకోవడం కూడా ఎప్పుడూ లేదు.

మూడో దుంగ బెంచీ పక్కన, డబ్ మన్న చోటికి సరిగ్గా కింద పెట్టాలి. బెంచీని కాలితో జరిపాడు. దుంగ కింద నేల గొడ్డలితో అరచేతి లోతు తవ్వి చదును చేశాడు. దుంగ ఒక వేలు పొడవైంది. బయటికి తెచ్చి, కోసి, మళ్లీ పట్టుకెళ్లాడు. పలక పెట్టి వెడ్జి కొట్టాడు. కొన్ని దెబ్బల తర్వాత దుంగ మోగడం మొదలైంది. ఇంకో రెండు దెబ్బలు వేసి ఆపాడు. ఈసారి గొడ్డలి వెనకవైపుతో దుంగను తట్టి విన్నాడు. తల ఊపాడు. అచ్యుతరావు కూడా బయట తల ఊపాడు.

"అవ్వా, పొయ్యి ఆరలేదు," అని కేకేశాడు రాయమల్లు లోపలి నుంచి. "నాకు ఛాయ్ పొయ్యలేదు నువ్వు."

గొంతుక్కూర్చుని, దుంగకు చేరగిలబడి, గొడ్డలి అంచుకంటిన మట్టి వేలితో తీస్తున్నాడు. మొదటి దుంగ పట్టుకుని నలభై నిమిషాలైంది. అచ్యుతరావు గడియారం చూసుకుని సారలమ్మ వైపు చూశాడు. ఆమె అప్పటికే రాయమల్లును చూస్తోంది.

పైడమ్మ పాలగిన్నెతో లోపలికి వెళ్లింది. మేకలు వెళ్లాయి. అచ్యుతరావు వెళ్లాడు. సారలమ్మ బయటే ఉంది.

"రా. తడుస్తున్నవు," అన్నాడు రాయమల్లు.

"ఏమో. గా సప్పుడు విన్నంక నాకు లోపలికి రాబుద్ధైత లేదు."

"దుంగలు పెట్టిన కద."

"నువ్వే పెట్టినవు. గంతేనా?"

"గంతే. బాయిల గూడ గంతే ఉంటది."

ఆమె వచ్చింది. గొడుగు మొనతో తానే ముందు అంచు మీద, తర్వాత లోపల కొట్టి చూసింది. రెండు చప్పుళ్లూ వింది. దుంగ మీద అరచెయ్యి ఆనించి నొక్కింది. అది కదల్లేదు. అతను లేచి బెంచీ మీదికి మారితే పక్కన కూర్చుంది. పెళ్లయిన నాటి నుంచి రోజూ అన్నం డబ్బా కట్టి పంపిన పని ఏమిటో ఆమె చూడడం అదే మొదటిసారి.

"బాయిల గిట్లనే ఉంటదా?"

"ఇంత ఎలుగుండది. మేకలుండయి."

"సోమవారం పోతవా?"

రాయమల్లు టీ సగం తాగి చెప్పాడు. "పోత. తొంభై అడుగుల కాడ మల్ల తిరిగొస్తనేమో తెల్వది. తిరిగొస్తే మంగళవారం పోత."

"మంగళవారం గూడ తిరిగొస్తే?"

"బుధవారం."

"బుధవారం దాకనే," అంది సారలమ్మ. "గురువారం నేనే యార్డు దరఖాస్తు రాయించుకొస్త. వేలు పట్టి సంతకం పెట్టిస్త. ఒప్పుకుంటవా?"

అతను ఆలోచించాడు. "ఒప్పుకుంట," అన్నాడు. "కని మంగళవారం డబ్బా గూడ కట్టు. తిరిగొస్తడులే అని కట్టకుంట ఉండకు."

"కడ్త తియ్యి. నెత్తళ్లు వండి కడ్త."

పైడమ్మ దుంగకు మేకతాడు కట్టబోయింది. రాయమల్లు చూశాడు.

"అవ్వా, దుంగకు ఏదీ కట్టొద్దు. మేకను అసలే కట్టొద్దు. ఇవి గీ వానకాలానికే. వానలు పోయినంక మీ ఆయినతోని రాతి స్తంభాలు కట్టించు. రోజు పొద్దుగాల దుంగను తట్టు. మోగకుంటె వెడ్జి మీద ఒక్క దెబ్బ ఎయ్యి."

"మోగడం అంటే ఎలాగుంటాది?"

"ఇగో, ఆమెనడుగు. ఆమెకు తెలుసు."

సారలమ్మ లేచి, గొడ్డలి తీసుకుని పైడమ్మకు తట్టి చూపించింది. మూడో దెబ్బకు పైడమ్మ, "ఓలమ్మా, గంట లాగుంది" అంది. అచ్యుతరావు రెండో గ్లాసు అడిగాడు.

తోట దారిలో ఆటో డ్రైవర్ వాళ్లను వెతుక్కుంటూ వచ్చాడు. తల మీద గోనెసంచి కప్పుకున్నాడు. బండ కింద కొత్తగా నిలబడ్డ మూడు దుంగలను, పైనున్న రాతిని చూసి అంచు దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రా తమ్మీ," అన్నాడు రాయమల్లు, జరిగి బెంచీ మీద చోటిస్తూ. "ఏం కాదు. కూసో."